శాసనం... శంకుస్థాపన

వెనకటి రాజులు గుడికో బ్రాహ్మడికో పొలం ఇస్తే రాతి మీద శాసనం చెక్కించేవారు. ఇచ్చిందెంత, ఎల్లలెక్కడ అన్నీ రాసి, చివర ఓ శాపం తగిలించేవారు: దీన్ని చెరిపినవాడు వారణాసిలో గోవుల్ని చంపిన పాపాన పోతాడని.

ఇప్పుడా శాపం డ్యూటీ పురావస్తు శాఖ బోర్డుది. 1958 నాటి చట్టం, 2010లో సవరించారు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూనూ. గోల్కొండ ఎక్కి చూడండి. గోడ సున్నంలో మేకుతో గీసిన గుండె, దాన్లో బాణం, అటో పేరు ఇటో పేరు, కింద తేదీ. తేదీ వేయడంలో మాత్రం మనవాళ్లది చరిత్రకారుల నిష్ఠ! గోహత్యకే జడవనివాడు లక్షకు జడుస్తాడా?

అయినా కుర్రాళ్లనేం అంటాం. మా వీధి మొగలో నల్లరాతి ఫలకం ఒకటుంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, సభాధ్యక్షులు... పదకొండు పేర్లు, బంగారు రంగులో. అట్టడుగున, ఇస్త్రీ బండి చక్రం అడ్డొచ్చే చోట, చీమతలకాయంత అక్షరాల్లో ‘మురుగు కాలువ పనులకు శంకుస్థాపన’. ఈమధ్య పదవులు మారాయి కాబట్టి పక్కనే రెండో ఫలకం లేచింది. కాలువే ఇంకా లేవలేదు. గట్టి వాన పడితే నీళ్లు ఫలకాల నడుము దాకా వస్తాయి. ముందు మునిగేది ఆ చివరి పంక్తే.