అల్లుడుగారి ద్వీపాంతరవాసం

టేకులపల్లి రైతుకు అండమాన్‌తో ఏడాదికి ఒక్కసారే పని. మే నెలలో ఒకనాడు టీవీలో నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయని చెబుతారు. అది విని దుక్కి సంగతి, పత్తి గింజల సంగతి ఆలోచిస్తాం. అంతకుమించి ఆ దీవులకూ నాకూ లావాదేవీ లేదు. వాటిని నేనెన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అలాంటిది మా అమ్మాయి పెళ్లయి పదహారు రోజుల పండుగ కూడా కాకముందే అవి నా కొంప మీదికి వచ్చాయి. అమ్మాయి, అల్లుడుగారు హనీమూన్‌కు అండమాన్ పోవాలట. ఖర్చు ఊసు ఎవరూ ఎత్తలేదు. "మీకెందుకు శ్రమ మామయ్యా" అని మాత్రం అల్లుడుగారు అన్నారు. ఆ మాట ఖరీదెంతో ఆడపిల్లల తండ్రులకు నేను విప్పి చెప్పనక్కరలేదు.

ట్రావెల్స్ ఆయన ఫోన్లో పంపిన కార్యక్రమ పట్టిక చదివాను. తెల్లవారుజామునే లేపడంతో మొదలు. ఫలానా వేళకు పడవ, ఫలానా వేళకు ఈత, ఫలానా వేళకు ఫొటోలు. కోయగూడెం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో షిఫ్టుకు పోయేవాడికి ఇంతకంటే తీరిక ఉంటుంది. నా ఫిర్యాదంతా ఇదే: కొత్త దంపతులు ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడుకునే వేళ ఆ పట్టికలో ఎక్కడా లేదు.

స్కూబా డైవింగ్ సంగతే చూడండి. ముందు ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, మూర్ఛ ఉందా అని కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. పెళ్లిచూపుల్లో మొహమాటపడి మేం మింగేసిన ప్రశ్నలు అక్కడ నిర్భయంగా అడుగుతారు, ఆ వరకు మెచ్చుకోవాలి. ఆ తర్వాత నోట్లో గొట్టం బిగించి, ఒక్కొక్కరినీ ఒక్కో శిక్షకుడు పట్టుకుని సముద్రంలోకి దింపుతాడు. మేం పాణిగ్రహణం చేయించి ఇంకా పారాణి ఆరలేదు, అప్పుడే చెయ్యి ఇంకొకరి చేతిలో! లోపల మాటల్లేవు, సైగలే. చేపలను చూసి మురిసిపోయి అల్లుడుగారు బొటనవేలు ఎత్తారనుకోండి, నీళ్ల కింద దానికి 'పైకి పోదాం' అని అర్థం. శిక్షకుడు వెంటనే పైకి లాక్కొస్తాడు. అమ్మాయి కింద, అల్లుడుగారు పైన. డబ్బు మాత్రం వాపసు ఉండదు.

సాయంత్రం రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని దాన్ని పొగిడింది, కాదనను. కానీ ఆ దీవులేమో బర్మా పక్కన, గడియారమేమో మనదే. అయిదున్నర ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. ఆ వేళకు మా ఊళ్లో గొడ్లు కూడా ఇంటికి రావు. చీకటి పడ్డాక ఇసుకలో బల్ల వేసి కొవ్వొత్తి వెలుగులో భోజనం, దానికి వేరే రేటు. టేకులపల్లిలో ఈదురుగాలి వీచిన రాత్రి ఆ భోజనం మా ఇంట్లో ఊరికే దొరుకుతుంది.

అంతటితో వదిలారా? రాత్రిపూట మడ అడవుల మధ్య చిన్న పడవలో తెడ్డు వేయాలి. నీళ్లు కదిలితే అందులోని సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయట. వెన్నెల ఉంటే ఆ మెరుపు సరిగ్గా ఆనదు కనుక అమావాస్య దగ్గరి రాత్రులు మేలని కాగితంలోనే రాశారు. కొత్త పెళ్లికూతురిని అమావాస్య చీకట్లో ఉప్పునీళ్ల మీదికి పంపమంటున్నారు! మా అమ్మ బతికి ఉంటే ట్రావెల్స్ ఆయనకు ఫోన్లోనే దిష్టి తీసేది.

ఒక పూట సెల్యులార్ జైలు కూడా ఉంది. 1906లో పూర్తయిన కట్టడం. ఒక వరస గదుల తలుపులు ఎదుటి వరస వీపును చూసేలా కట్టారు, ఖైదీల మధ్య మాట కలవకూడదని. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, తిరిగొచ్చి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. అక్కడికి పోయి ఆయనకో దండం పెట్టి రమ్మంటే నేనే దారిఖర్చు ఇస్తాను. ఆ చూడటం కూడా ఇద్దరి సెల్ఫీకి, తర్వాతి పడవకు మధ్య ఇరికించారు, అదీ నా బాధ.

పైగా కాలం చూడండి. జూన్‌లో అక్కడ సముద్రం పోటెత్తుతుంది, పడవలు ఎప్పుడు ఆపుతారో తెలియదు. "సీజన్ కాదు గదా సార్, అందుకే తక్కువ రేటు" అని ట్రావెల్స్ ఆయన ఆనందంగా చెప్పాడు. గదిలో కూర్చుని వాన చూడటానికి అంత దూరమెందుకు? కొన్నాళ్లు ఓపిక పడితే ఆ వానే మా చేలోకి వస్తుంది.

కొత్త కోడళ్లను దీవులకు పంపడంలో మా ప్రాంతానికి పాత అనుభవం కూడా ఉంది. భద్రాచలం దాటి పర్ణశాలకు పోతే సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న రాళ్లు చూపిస్తారు. ఆవిడ లంకకు పోయింది అక్కడి నుంచేనంటారు. వారధి కట్టి వెనక్కి తెచ్చుకోవడానికి మొగుడు ఎంత యాతన పడ్డాడో తెలిసిందే. ఈ వాదన మా ఇంట్లో వినిపిస్తే మా ఆవిడ "మీరు నన్ను తీసుకుపోయింది కూడా అక్కడికేగా" అంది. నిజమే. ఆర్టీసీ బస్సులో, వెంట మా అమ్మ, మా మేనత్త, ఆవిడ మనవడు. సారపాక దాటాక గోదావరి వంతెన మీద వాళ్లు ముగ్గురూ నదిలోకి చిల్లర విసిరే హడావిడిలో ఉన్నప్పుడు మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో నాకు ఇప్పటికీ గుర్తే. దీన్ని నేను నా వాదనకు రుజువుగా చూపిస్తే, మా ఆవిడ తన వాదనకు రుజువుగా పట్టుకుంది.

నేను మొండివాణ్ణి కాను. దీవులే కావాలంటే పాల్వంచ పక్కన కిన్నెరసాని జలాశయంలో లేవా? బోటు ఉంది, జింకల పార్కు ఉంది. అండమాన్ తీరాల్లో మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డులు పెడతారట. ఆ విషయంలోనూ కిన్నెరసాని తీసిపోదు. పొద్దున పోతే మాపటికి ఇంటికి రావచ్చు.

అమ్మాయి ఒప్పుకోలేదు. "నాన్నా, అక్కడైతే బోటెక్కేలోపు పదిమంది చుట్టాలు పలకరిస్తారు. అండమాన్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్లెవరూ ఉండరు" అంది.

2011 జనాభా లెక్కల్లో అండమాన్ జనంలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడినవాళ్లే ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, టీకొట్టు దగ్గర "ఏ ఊరు బాబూ మనది, ఎవరింటి అల్లుడివి?" అని అడిగేవాళ్లు మారలేదు. అలాంటి పెద్దమనిషి తగలగానే నాకు ఫోన్ కలిపి ఇమ్మన్నాను. చుట్టరికం ఎటూ తేలుతుంది, ఆ కొవ్వొత్తి భోజనం రేటైనా తగ్గించగలడేమో అడుగుతాను.