పట్టుకడ్డీ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కమ్మరికి దేవుడిచ్చిన చేతులు రెండే. ఒకటి సుత్తికి, ఒకటి పట్టకారుకి. కాగిన ఇనుము మీద ఉలి ఆనించి చీల్చాలన్నా, పంచ్ పెట్టి బెజ్జం వేయాలన్నా ఆ ఉలిని, ఆ పంచ్‌ని ఎవరు పట్టుకోవాలి? మన ఊళ్లలో ఈ ప్రశ్న పెద్దగా పుట్టలేదు. తిత్తి ఊదేవారొకరు, సమ్మెట వేసేవారొకరు, ఇనుము తిప్పుతూ కూర్చున్న పెద్ద కమ్మరి ఒకరు. కొలిమి అంటే ఇంటిల్లిపాది పని. ఒంటరిగా షెడ్డులో దాగలి పెట్టుకున్న ఈ కాలపు వాడికే మూడో చెయ్యి కరువు. వాడి కోసం ఇంగ్లిషు కమ్మర్లు హోల్డ్‌ఫాస్ట్ అని పిలిచే ఒక వంకర కడ్డీ ఉంది. ఈ వ్యాఖ్యలో దాన్ని పట్టుకడ్డీ అందాం. దాని మీద ఒక ఆటవెలది ప్రచారంలో ఉంది. కర్త తెలియదు. వ్యాఖ్యాతే పద్యం రాసుకొని, తానే వ్యాఖ్యానించి, తానే మెచ్చుకుంటున్నాడని కొందరంటారు. వారి మాట ప్రమాణం కాదు.

మూలము

ఆ. కడ్డి చివర నదిమి గాలము వలె వంచి
బెజ్జమందు దించి పెట్టి పనిని
నెత్తి మీద నొకటి నిలువునా దెబ్బేయ
తగులుకొనును వెనుక తట్టు వరకు

ప్రతిపదార్థము

కడ్డి = ఇనుప కడ్డీ యొక్క; చివరన్ = ఒక కొనను (రెండో కొన జోలికి పోవద్దని భావము); అదిమి = కాల్చి, సుత్తితో పలకగా సాగగొట్టి; గాలము వలెన్ = చేపల గాలంలాగా; వంచి = దాగలి కొమ్ము మీద వేసి వంపు తీసి; బెజ్జమందున్ = దాగలి మడమలోని గుండ్రటి బెజ్జంలో; దించి = రెండో కొనను, అంటే కాడను, వదులుగా జారవిడిచి; పనిని = పని జరగవలసిన ఇనుమును; పెట్టి = ఆ పలక కింద ఉంచి; నెత్తి మీదన్ = వంపు పైభాగమున; ఒకటి = ఒక్కటంటే ఒక్కటి; నిలువునా = పక్కకు జారక, కాడకు సూటిగా; దెబ్బ ఏయన్ = సుత్తితో కొట్టగా; తగులుకొనును = బిగుసుకొనును; వెనుకన్ = పలకకు ఎదురు వైపున; తట్టు వరకున్ = మెల్లగా కొట్టేదాకా.

తాత్పర్యము

కడ్డీని వంచి బెజ్జంలో పెట్టి కొడితే పట్టుకుంటుంది. వెనక తడితే వదిలేస్తుంది. ఇంతటితో ఆగితే వ్యాఖ్యాతకు గిట్టుబాటు కాదు.

విశేషాంశములు

‘బెజ్జమందు’ – ఏ బెజ్జం? కవి సప్తమీ విభక్తి వేసి తప్పుకున్నాడు. మన ఊరి దాగలి చాలాచోట్ల మొద్దులో పాతిన ఇనుప దిమ్మ. దానికి బెజ్జమూ లేదు, కొమ్మూ లేదు. కనుక ఇక్కడ ఉద్దేశించినది లండన్ తరహా దాగలి. దానికి ఒక పక్క కొమ్ము, నడుమ చదునైన ముఖం, రెండో పక్క బయటికి పొడుచుకొచ్చిన మడమ. మడమ వైపు బెజ్జాలు రెండు. నలుచదరపుది పనిముట్ల కాడలు దిగవేయడానికి. గుండ్రటిది గుర్రపు లాడానికి చీల బెజ్జాలు వేసేటప్పుడు తెగిన ఇనుప బిళ్ల కిందికి రాలిపోవడానికి. పట్టుకడ్డీకి కావలసింది ఈ గుండ్రటిదే. రాలిపోవడానికి చేసిన దారిలో నిలిచిపోవలసిన వస్తువును దించుతున్నాము. విరోధాభాసమని ఆలంకారికులు గమనింతురు గాక.

దాగలి మాట వచ్చింది కనుక ఒక విషయాంతరం. ఇంగ్లండులో చేసిన పాత దాగళ్ల పక్కన మూడు అంకెలు పోతపోసినట్టో, చెక్కినట్టో కనిపిస్తాయి. 1, 2, 0 అని ఉంటే అది సంవత్సరం కాదు, వరుస సంఖ్యా కాదు, బరువు. మొదటి అంకెను 112తో, రెండోదాన్ని 28తో హెచ్చవేసి, మూడోదాన్ని అలాగే కలిపితే పౌండ్లు వస్తాయి. అంటే ఇది 168 పౌండ్లు, సుమారు 76 కిలోలు. పాత సామాను కొట్టువాడికి ఈ లెక్క తెలియకపోతే మీరు చెప్పనక్కరలేదు.

శంక: అయ్యా, మా దాగలి రైలు పట్టా ముక్క. ముఖాన బెజ్జం లేదు. మాకు ఈ పద్యం వర్తించదా?

సమాధానం: పద్యం వర్తించదు, అవసరం మాత్రం వర్తిస్తుంది. మీకు గొలుసు పక్షం ఉంది. పాత మోటారు సైకిలు గొలుసు ఒక కొనను మొద్దుకు బిగించి, పని మీదుగా అడ్డంగా వేసి, రెండో కొనకు బరువు వేలాడదీయాలి; లేదా ఉచ్చు కట్టి కాలితో తొక్కిపట్టాలి. మిట్టపల్లాలున్న వస్తువును, గుండ్రటి కడ్డీని గొలుసు చక్కగా ఒరుసుకొని పట్టుకుంటుంది. ఈ గుణం పట్టుకడ్డీకి లేదు. గొలుసువాదులు ఇక్కడ విజయం ప్రకటిస్తారు. కాని కాలితో తొక్కేవాడు ఒంటికాలి మీద నిలబడి సుత్తి వేస్తున్నాడన్న సంగతి మరచిపోతారు. బరువు కట్టుకున్నవాడికి ఈ బాధ లేదు, కనుక వారితో మాకు విరోధం లేదు.

‘దించి’ – పద్యానికి ప్రాణం ఈ మాట. దిగగొట్టి అనలేదు, బిగించి అనలేదు. బెజ్జానికి సరిగ్గా సరిపడే కడ్డీ అయితే గట్టిగా పడుతుందని ఎవరికైనా తోస్తుంది. ఆ తోచినదాన్ని నమ్మినవాడి కడ్డీ పట్టదు. ఎందుకంటే అది పట్టుకోవాలంటే ముందు వాలాలి. నెత్తిన దెబ్బ పడగానే పలక పనిని నొక్కుతుంది, పని పలకను పైకి నెడుతుంది, ఆ నెట్టుడుకి కాడ బెజ్జంలో ఒక పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగి బెజ్జం పై అంచున ఒకచోట, అడుగు అంచున ఎదురు వైపు ఇంకొకచోట ఒరుసుకుంటుంది. ఆ రెండు చోట్ల ఒరిపిడే పట్టు. వంపులో కొంచెం స్ప్రింగు గుణం ఉండడం వల్ల దెబ్బ బలం వెంటనే జారిపోకుండా అందులోనే నిలవ ఉంటుంది. బిగుతు కడ్డీకి వాలే చోటే లేదు. 16 మి.మీ. బెజ్జానికి 14 మి.మీ. కడ్డీ ఉంటే చాలు.

మరి చెయ్యి ఎంత పొడుగుండాలి? ఇక్కడ పద్యం మౌనం, లెక్క మాట్లాడుతుంది. కాడ నుంచి పలక కొన దాకా ఉన్న దూరాన్ని చెయ్యి అందాం. చేతిని బెజ్జం లోతుతో భాగించి, వచ్చినదాన్ని ఒరిపిడి గుణకానికి రెట్టింపుతో హెచ్చవేస్తే 1 కన్నా తక్కువ రాకూడదు. ఇనుము మీద ఇనుము, నూనె లేకుండా, గుణకం 0.2 అనుకుంటే, మడమ మందం 50 మి.మీ. ఉన్నచోట చెయ్యి 125 మి.మీ.కి తగ్గరాదు. తగ్గితే ఎంత కొట్టినా మళ్లీ పైకి లేస్తుంది. కొట్టినవాడు కడ్డీని తిడతాడు, బెజ్జాన్ని తిడతాడు, చేతిని కొలవడు. బెజ్జంలో నూనె మరక ఉన్నా ఇదే గతి. అందుకే తెలిసినవారు కాడకు ఆకురాయితో అడ్డంగా నాలుగు గీతలు గీసి గరుకు చేస్తారు. నున్నగా మెరిసే పట్టుకడ్డీ చూడ్డానికి ముచ్చటైనది, అంతే.

వడ్రంగులకు ఇదంతా పాత సంగతి. ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే జాకబ్ రూబో 1769లో అచ్చు మొదలైన తన వడ్రంగ గ్రంథంలో ఇచ్చిన బల్ల బొమ్మలో ఈ వంకర కడ్డీ బల్ల మీద ఉంది. కమ్మరి చేసి ఇచ్చిన పనిముట్టుతో వడ్రంగి పేరు తెచ్చుకోవడం అదే మొదలు కాదు.

‘కడ్డి’ – ఏ ఇనుము? పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు దీనికి అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఎం.ఎస్. రౌండ్ రాడ్ అంటే ఇచ్చే మెత్తని ఇనుము చాలు. నాలుగు నెలలు వాడితే వంపు కాస్త విచ్చుకుంటుంది; కాల్చి మళ్లీ వంచుకోవచ్చు. పాత కారు సస్పెన్షన్ స్ప్రింగు తీగను కాల్చి తిన్నగా తీసుకుంటే ఇంకా మంచిది, స్ప్రింగు గుణం దాని పుట్టుకలోనే ఉంది. స్లాబ్ కడ్డీ మాత్రం వద్దు. దాని మీది గనుపులు బెజ్జంలో ఎక్కడ ఒరుసుకోవాలో అవే నిర్ణయిస్తాయి. జింకు పూత ఉన్నది అసలే వద్దు. కొలిమిలో పెడితే లేచే తెల్లటి పొగ పీల్చినవాడికి ఆ రాత్రే చలిజ్వరం పట్టవచ్చు. ఈ మాట పద్యంలో లేకపోవడం కవి అపరాధం.

‘అదిమి’, ‘వంచి’ – ఈ రెండు క్త్వార్థకాలు వరుస తప్పరాదు. ముందు వంచి తరవాత అదుముదామంటే వంపు దాగలి మీద ఆనదు. సుత్తి వేసినప్పుడల్లా తిరుగుతుంది. 350 మి.మీ. ముక్క తెంచి, ఒక కొనను కొలిమిలో నారింజ, పసుపు కలిసిన రంగు వచ్చేదాకా, అంటే సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చాలి. రంగు నీడలోనే చూడాలి. ఎండలో నిలబడితే మాడిపోతున్న ఇనుము కూడా చల్లగానే ఉన్నట్టు కనబడుతుంది. తీసి, చిట్టెం రాల్చి, 50 మి.మీ. మేర పలకగా సాగగొట్టాలి. మందం 6 మి.మీ. దాకా. ఇక్కడ పలక మరీ వెడల్పు చేసుకొని మురిసిపోయేవారున్నారు. ఆ పలక తరవాత ఎర్రటి పని మీద కూర్చుని దాని వేడిని తాగేస్తుంది. రెండు ఉలి దెబ్బలు పడేలోగా పని నల్లబడుతుంది. అంచులు, మూలలు సుత్తితో గుండ్రం చేయాలి, లేకపోతే ప్రతి వస్తువు మీదా గాటు పెడుతుంది. ఎరుపు మందగించిందంటే కొట్టడం ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డ ఇనుముతో పంతం పడితే పగుళ్లు మిగులుతాయి, స్ప్రింగు ఉక్కయితే మరీను.

రెండో కాపు నడుమకు. కొమ్ము మీద వేసి వంచేటప్పుడు ఒకేచోట మడతపెట్టక కొంచెం కొంచెం జరుపుతూ విశాలమైన వంపు తీయాలి. ఇరుకు మడత దగ్గర ఇనుము సన్నబడి, దెబ్బలు తినవలసిన నెత్తి అక్కడే బలహీనమవుతుంది. చెయ్యి కాడకు లంబంగా ఉండిపోకుండా కాస్త కిందికి వాలాలి. పలక మునికొన ముందుగా పనిని తాకాలి, దెబ్బ పడ్డాక తక్కిన పలక ఆనాలి. పలక వంపు వైపు అంచు ముందు ఆనితే పట్టు కాడ దగ్గరికి వచ్చేస్తుంది, ఇందాకటి లెక్క తప్పుతుంది. చివరగా గాలిలో ఆరబెట్టాలి. నీళ్ల తొట్టి పక్కనే ఉంటుంది, ‘చుయ్’మన్న చప్పుడు మీద మోజు అందరికీ ఉంటుంది. స్ప్రింగు ఉక్కును ఎర్రగా నీళ్లలో ముంచితే పెళుసుబారి, ఏదో ఒక దెబ్బకు ముక్క ఎగిరి కంటి మీదికి వస్తుంది.

‘ఒకటి’ – ఇది సంఖ్యావాచకం, ఉపదేశం కూడా. పట్టుకోలేదని రెండోది, కోపంతో మూడోది కొట్టేవాడు దాగలి మడమ కిందంతా బోలే అన్న సంగతి మరచాడు. ముఖం కింద నడుము ఉంది. మడమ గాలిలో వేలాడుతుంది. మడమ విరిగిన పాత దాగళ్లు అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. ఒక్క దెబ్బకు పట్టకపోతే చెయ్యి పొడుగో, బెజ్జంలో నూనె మరకో చూసుకోవాలి గాని సుత్తి పెంచరాదు.

అలంకారము – ‘గాలము వలె’ అన్నది ఉపమ. ఉపమానం సగమే సరిపోయిందని కొందరు వ్యాఖ్యాతలు గొణుగుతారు. గాలానికి ముల్లు ఉంటుంది, దీనికి లేదు. గాలం పైకి లాగుతుంది, ఇది కిందికి నొక్కుతుంది. ఆకారంలో పోలిక ఉంటే చాలునని మా పక్షం. గాలం చేసేదీ కమ్మరే కనుక కవికి అది చేతికి అందిన పోలిక.

పాఠాంతరము – ‘వెనుక తట్టు’ అన్నచోట ‘కింద తట్టు’ అని ఇంకో పాఠం. రెండు మాటలూ సూర్యగణాలే. యతి తగిలేది ‘తట్టు’లో కనుక దానికీ భంగం లేదు. ఏది కవి హృదయం? వెనక నుంచి తట్టితే ఒరిగిన కాడ నిటారై పట్టు వదులుతుంది. మడమ అడుగున బయటికి వచ్చిన కాడ కొనను కింది నుంచి పైకి తట్టినా వదులుతుంది; పలక కింద నాజూకైన పని ఉండి పక్క దెబ్బ వేయరానప్పుడు ఇదే మేలు. అయితే కింద తట్టడానికి అక్కడ కాడ ఉండాలి గదా. బెజ్జం లోతు మీద ఇంకో 75 మి.మీ. మిగిలేలా తెంచుకున్నవాడు ఏ పాఠమైనా చదువుకోవచ్చు. కక్కుర్తి పడి పొట్టిగా తెంచుకున్నవాడికి మొదటి పాఠమే గతి.