ముప్పై ఎనిమిదో వారం ఆత్మకథ

దస్తావేజు తన గురించి చెప్పుకోవాల్సి వస్తే ‘ఈ పత్రము’ అనే అంటుంది. కాబట్టి ఈ కథలోనూ ‘నేను’ ఉండదు. ఈ పత్రం 1984లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఆర్లాండో పక్కనున్న కిసిమీ ఊళ్లో పుట్టింది. ఆసియోలా కౌంటీ రికార్డుల్లో దీనికొక పుస్తకం నంబరు, పేజీ నంబరు ఉన్నాయి. ఇందులో రాసిన ఆస్తి ఒక్కటే: ఒక రిసార్ట్‌లో రెండు పడకగదుల ఫ్లాటు, ఏటా 38వ వారం. సెప్టెంబర్ మూడో శనివారం ప్రాంతంలో మొదలయ్యే ఏడు రాత్రులు. ఈ హక్కుకు గడువు లేదు, వారసులకు సంక్రమిస్తుంది. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ ఫీజు కూడా దాని వెంటే సంక్రమిస్తుంది.

మరమ్మతులకు ఒక వారం అట్టిపెట్టుకుని, ఆ ఫ్లాటును యాభై ఒక్కమందికి టైమ్‌షేర్‌గా, అంటే తలా ఒక వారం చొప్పున, అమ్మారు. అంటే ఈ పత్రానికి అదే గోడల మధ్య పుట్టిన తోబుట్టువులు యాభైమంది. 7వ వారం, 26వ వారం, 52వ వారం... అందరిదీ ఒకే వంటగది, ఒకే బాల్కనీ. తేడా అంతా తేదీల్లో ఉంది. ఆ తేడాయే దీని బతుకంతా నడిపించింది.

కిసిమీలో ఇలాంటి కట్టడాలు లేవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. 1971 అక్టోబర్‌లో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరిచారు, 1982లో అక్కడే ఎప్‌కాట్ పార్కు వచ్చింది. ఏటా వచ్చే కుటుంబాలకు ఏటా ఒక ఇల్లు కావాలి. అయితే ఎంత ఇష్టమైన ఊరైనా ప్రతి సంవత్సరం అక్కడికే వెళ్లడం అందరివల్లా కాదు. ఆ ఇబ్బందిని వ్యాపారంగా మలచినవారు జాన్, క్రిస్టెల్ డీహాన్ దంపతులు. 1974లో ఇండియానాపొలిస్‌లో వాళ్లు పెట్టిన వారాల మార్పిడి సంస్థ రిసార్ట్ కండోమినియమ్స్ ఇంటర్నేషనల్ అందరి నోటా ఆర్‌సీఐ అయింది. రెండేళ్లకు మయామీలో ఇంటర్వల్ ఇంటర్నేషనల్ పోటీకి దిగింది. క్రిస్టెల్ తర్వాత సంస్థను అమ్మి, ఆ డబ్బుతో పేదపిల్లల బడులు పెట్టారు. వాటిలో ఒకటి బెంగళూరులో ఉంది. వారాల మార్పిడిలో పుట్టిన సొమ్ము అక్కడ పాఠాలు చెప్పిస్తోందని తెలిసినప్పుడు ఈ పత్రానికి గర్వమనిపించింది.

మార్పిడి వినడానికి తేలిక. నీ వారాన్ని ఉమ్మడి ఖాతాలో డిపాజిట్ చెయ్యి, ఇంకొకరు డిపాజిట్ చేసిన వారాన్ని తీసుకో. వడ్లు పోసి కూరగాయలు తెచ్చుకున్నట్టే. కాకపోతే అప్పట్లో ఇక్కడ కొలత అమ్మేవాడికీ కొనేవాడికీ కనబడేది కాదు. సీజన్లకు రంగులుండేవి: ఎరుపు గిరాకీ కాలం, తెలుపు మధ్యస్థం, నీలం ఖాళీ కాలం. ఆర్లాండో ఏడాది పొడవునా ఎరుపే. ఆ లెక్కన ఈ పత్రం కూడా ఎరుపే, క్రిస్మస్ నాటి 52వ వారమూ ఎరుపే.

ఒహాయో నుంచి వచ్చి దీన్ని కొన్న రిటైరైన దంపతులు ఆ రంగును నమ్మారు. మొదట్లో తామే వచ్చి ఈత కొలను పక్కన కూర్చుని వెళ్లేవారు. తర్వాత కొలరాడోలో మంచు చూడాలనిపించి ఫిబ్రవరి వారం అడిగారు. దొరకలేదు. మళ్లీ అడిగినా దొరకలేదు. చివరికి నవంబర్‌లో పెన్సిల్వేనియాలోని పోకనో కొండలకు వెళ్లారు. కారణం వీళ్ల వారమే: సెప్టెంబర్‌లో అమెరికా పిల్లలంతా బళ్లలో ఉంటారు, ఆర్లాండోలో గదులు వేలకు వేలు ఖాళీగా ఉంటాయి. పైగా అది తుపాన్ల కాలం. 2004లో ఆగస్టు 13 నుంచి సెప్టెంబర్ 26 లోపు చార్లీ, ఫ్రాన్సెస్, జీన్ మూడూ మధ్య ఫ్లోరిడా మీదుగా వెళ్లాయి. జీన్ తీరం దాటింది ఆ ఏటి 38వ వారం ముగిసిన రాత్రే. ఆ మరుసటి ఏడాది కప్పు మరమ్మతులకని మామూలు ఫీజు మీద ప్రత్యేక వసూలు నోటీసు వచ్చింది.

మార్పిడి కంపెనీ లోపల మాత్రం ప్రతి వారానికీ ఒక బలం కట్టేవారు. ఆ వారానికి గిరాకీ ఎంత, అలాంటివి ఇంకెన్ని ఖాతాలో ఉన్నాయి, ఫ్లాటులో ఎందరు పడతారు, ఎంత ముందుగా డిపాజిట్ చేశారు, బస చేసినవారు ఎన్ని మార్కులిచ్చారు అని చూసి లెక్కించేవారు. ఆ లెక్క యజమానికి చెప్పేవారు కాదు. ఈ పత్రం వారాల పక్షాన నిలబడేదే అయినా ఇది పెద్ద అన్యాయమని అంటుంది. తన చేతిలోని సరుకు ఎంతకు పోతుందో తెలియకుండానే మనిషి దాన్ని ముందే అప్పగించాల్సి వచ్చేది.

పాయింట్ల పద్ధతి ఈ చీకటి మీదే దాడి చేసింది. ఆ ఊహ కొత్తదేమీ కాదు. 1963లో స్విట్జర్లాండ్‌లో మొదలైన హపిమాగ్ తన వాటాదార్లకు ఫలానా వారం అని రాసివ్వదు, పాయింట్లు ఇస్తుంది. అమెరికాలో 1991లో డిస్నీ వెకేషన్ క్లబ్ మొదటినుంచీ పాయింట్లతోనే నడిచింది, ఫెయిర్‌ఫీల్డ్ సంస్థ కూడా ఆ ఏడే అటు మళ్లింది. ఆర్‌సీఐ 2000లో పాయింట్ల శాఖ తెరిచింది. అంతవరకు వారాలమ్మిన మారియట్ వెకేషన్ క్లబ్ 2010లో పాయింట్లు మొదలుపెట్టి, పాత వారాలవాళ్లు కావాలంటే చేరవచ్చంది. పాయింట్లతో మూడు రాత్రులు కావాలంటే మూడే తీసుకోవచ్చు. ఈ ఏటివి వచ్చే ఏటికి దాచుకోవచ్చు, వచ్చే ఏటివి ముందే వాడుకోవచ్చు. ప్రతి గదికీ, ప్రతి రాత్రికీ ఎన్ని పాయింట్లో పట్టికలో కళ్లెదుటే ఉంటుంది.

ఆ వెలుగు వారాల మీదా పడింది. 2010 చివర్లో ఆర్‌సీఐ వారాల బలాన్ని అంకెల్లో చూపించడం మొదలుపెట్టింది. తక్కువ అంకె ఉన్న వారం తీసుకుంటే మిగిలినది ఖాతాలోనే ఉంటుంది. ఈ పత్రానికి తన అంకె, 52వ వారం అంకె పక్కపక్కన కనబడిన రోజది. ఒకే ఎరుపు కింద ఇరవై ఆరేళ్లు దాగిన తేడా ఒక్క చూపులో తేలిపోయింది.

అప్పటికి ఒహాయో పెద్దాయన లేరు. ఫీజు భారమై ఆవిడ దీన్ని ఒక డాలరుకు అమ్మకానికి పెట్టారు. టైమ్‌షేర్‌ను తిరిగి అమ్మేటప్పుడు ఒక డాలరు ధర వింతేమీ కాదు, చాలా వారాలకు ఆ మాత్రమూ రాదు. కొన్నది అమెరికాలోనే షార్లట్ నగరంలో ఉండే ఒక తెలుగు జంట.

“సెప్టెంబర్ వారంతో మనమేం చేసుకుంటామండీ?” అని ఆమె అడిగింది.

“అమ్మావాళ్లు అప్పటికి ఇక్కడే ఉంటారుగా. పిల్లాడికింకా బడి లేదు,” అన్నాడతను.

ఈ పత్రం జీవితంలో అవి మంచి సంవత్సరాలు. విజయవాడ నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చిన తాతయ్య, నాయనమ్మ ఒక పడకగదిలో, చిన్నవాళ్లు ఇంకొక దాంట్లో. పూర్తి వంటగది కాబట్టి ఉదయం ఇడ్లీ, రాత్రి చారన్నం. పార్కుల్లో వరసలు పొట్టివి, ఎండ మాత్రం గట్టిది. మార్పిడి పట్టికలో చిన్న అంకెగా మిగిలిన వారం ఆ ఇంటికి అచ్చంగా సరిపోయింది. ఇంకొకరు ఎంతిస్తారన్నది ఒక విలువ, వాడుకునేవారికి ఎంత అక్కరకొస్తుందన్నది మరొకటి. పాయింట్ల పట్టిక మొదటిదాన్నే కొలవగలదు.

తాతయ్య దగ్గరా ఇలాంటి సెలవుల సభ్యత్వం ఒకటి ఉంది. మనదేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చాయి. తాతయ్యది మహీంద్రా. ఆ పద్ధతిలో దస్తావేజు, శాశ్వత హక్కు ఉండవు. ఇరవై ఐదేళ్లపాటు ఏటా ఏడు రాత్రులు, ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు సీజన్లు. ఎరుపు కొన్నవారు ఎరుపు, తెలుపు, నీలం కాలాల్లో వెళ్లవచ్చు, ఊదాకు వెళ్లలేరు. “మా దాని మీద రంగుంది, మీ దాని మీద వారముంది. మాది ఒకనాటికి అయిపోతుందమ్మా, మీది అయిపోదు. అది మేలో కీడో ఆలోచించుకోండి,” అని ఆయన కోడలితో అన్నాడు. ఇన్నేళ్లలో ఈ పత్రం విన్న తెలివైన మాటల్లో అదొకటి.

పిల్లవాడు బడికి వెళ్లాక సెప్టెంబర్ ప్రయాణాలు ఆగిపోయాయి. అప్పుడే రిసార్ట్‌వాళ్లు పార్కు టికెట్లు ఇస్తామని పిలిచి, తొంభై నిమిషాలన్న సమావేశాన్ని మధ్యాహ్నం దాకా సాగదీశారు. వారాల కాలం అయిపోయింది, కొన్ని వేల డాలర్లు కట్టి పాయింట్లకు మారిపొండి, ఈ ధర ఈరోజే అన్నారు. ఫ్లోరిడా చట్టం కొన్న తర్వాత పది రోజుల్లోపు రద్దు చేసుకోనిస్తుంది. ఒప్పందం అంత మంచిదైతే రేపు కూడా అదే ధరకు ఇవ్వగలగాలి.

కోడలు ఒప్పంద పత్రాలు అడిగి చదివింది. ఆమె వెతికింది ఒక్క నిబంధన కోసం: పట్టికను ఎవరు మార్చవచ్చు, ఎంతవరకు? ఈ పత్రం దృష్టిలో వారాలకూ పాయింట్లకూ మధ్య అసలు తగవు అక్కడే ఉంది. వారాన్ని ఎవరూ ఆరు రాత్రులు చేయలేరు. పాయింటు ఎన్ని రాత్రులు కొంటుందో పట్టిక రాసేవాడి చేతిలో ఉంటుంది. ఆ చేతికి కట్టు ఉన్నచోట పాయింట్లు మంచివే. డిస్నీ క్లబ్‌లో ఒక రిసార్ట్ మొత్తం పాయింట్లు ఏడాదికి ఇన్నే అని ఖరారు, ఒక రాత్రికి పెంచితే ఇంకొక రాత్రికి తగ్గించాలి. 2020 పట్టిక మార్చినప్పుడు సభ్యులు గట్టిగా అభ్యంతరం చెబితే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. పైగా కొన్న రిసార్ట్‌లో అయితే పదకొండు నెలల ముందు, మిగతావాటిలో ఏడు నెలల ముందు గది అడగవచ్చు. సొంత చోటుకు ఆ నాలుగు నెలల మొగ్గు కాగితం మీదే ఉంది.

వీళ్లకిచ్చిన ఒప్పందంలో అలాంటి కట్టేదీ కనబడలేదు. పట్టికను ‘ఎప్పటికప్పుడు’ సవరించే హక్కు కంపెనీదే. పైగా ఈ వారానికి ఇస్తామన్న పాయింట్లతో అదే ఫ్లాటులో జూలైలో నాలుగు రాత్రులు కూడా రావు. దంపతులు సంతకం పెట్టలేదు.

ఇప్పుడు ఈ పత్రం డిపాజిట్లలోనే తిరుగుతోంది. పూర్తి బలం రావాలంటే తొమ్మిది నెలల ముందే వారాన్ని అప్పగించాలి, అంటే డిసెంబర్‌లోగా. అప్పగించాలంటే ముందు ఆ ఏటి ఫీజు కట్టి ఉండాలి. రెండేళ్ల డిపాజిట్లు కలిపి ఒక వేసవి వారం తీసుకోవాలని ఆ ఇంట్లో లెక్క వేస్తున్నారు. ఆ పై సంవత్సరం నాయనమ్మ మళ్లీ వస్తానంటోంది కాబట్టి, ఆ సెప్టెంబర్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టారు.