నూనె మరక లేని ప్రాజెక్టులు

ఎం.టెక్ రోబోటిక్స్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఈ మధ్య ఎంత తెల్లగా ఉంటున్నాయో! అట్ట మీద కాలేజీ ముద్ర, దాని పక్కనే కంపెనీ లోగో, లోపల రంగురంగుల గ్రాఫులు. చివరిదాకా తిప్పినా ఒక్క నూనె మరక కనబడదు. మా రోజుల్లో రిపోర్టు చేతికిస్తే, ఏ షాపులో కూర్చుని రాశారో వాసన పట్టి చెప్పేవాళ్లం.

‘ఇండస్ట్రీ ప్రాజెక్ట్ సర్’ అంటాడు కుర్రాడు గర్వంగా. ఏ ఇండస్ట్రీ నాయనా అంటే గచ్చిబౌలిలో అద్దాల మేడ చూపిస్తాడు. రోబో అక్కడుందా? లేదట, పుణేలో ఉందట. ఇక్కడున్నది దాని సిమ్యులేషన్. గజీబో సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి లేస్తుంది, డబ్బా పట్టుకుంటుంది, బెల్టు మీద పెడుతుంది. జారదు, వణకదు, గేర్లలో ప్లే ఉండదు. ఫ్రిక్షన్ ఎంత పెట్టావయ్యా అంటే ‘డిఫాల్ట్ సర్’! డిఫాల్ట్ ఫ్రిక్షన్‌తో నడిచే ఫ్యాక్టరీ ఈ భూమ్మీద ఎక్కడుందో నాకైతే తెలీదు.

ఎనభైల్లో మాకు పరిశ్రమ అంటే బాలానగర్, జీడిమెట్ల. ప్రిన్సిపాల్ ఉత్తరం పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి, సెక్యూరిటీ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, లోపలికి పోయాక ఆఫీసరుగారు ‘వచ్చారుగా, ఏదో ఒకటి చేసుకోండి’ అనేవారు. స్టైపెండ్ మాట ఎత్తితే నవ్వేవారు. ఆ ‘ఏదో ఒకటి’ మాకు ఒక లేతు దగ్గర దొరికింది. ఆపరేటర్ చేతికి బదులు గాలితో నడిచే చెయ్యి ఒకటి ముక్క తీసి చక్‌లో పెట్టాలి. బుర్ర స్థానంలో 8085 ప్రాసెసర్ కిట్. కీప్యాడ్ మీద ఒక్కో కోడూ వేలితో నొక్కి ఎక్కించాలి. కరెంటు పోయిందా, అంతా మళ్లీ మొదటికే. ఈప్రామ్ చిప్‌లోకి ఎక్కించాక ఒక్క బైటు తప్పని తేలితే, దాన్ని చెరపడానికి అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి టీ తాగి రావాల్సిందే. చేతికి గాలినిచ్చే వాల్వు ఆఫ్ అయినప్పుడల్లా ప్రాసెసర్ రీసెట్ అయిపోయేది. కాయిల్ వదిలే వోల్టేజి దెబ్బ అది. కోఠీ గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకొచ్చే డయోడు ఒకటి అడ్డం పెడితే తీరిపోయింది. ఈ సంగతి ఇప్పటి కుర్రాళ్లకూ పుస్తకంలో ఉంటుంది, కానీ రాత్రి ఏడింటికి ఫ్యాక్టరీలో చెయ్యి గాల్లో ఆగిపోతే తప్ప ఒంటికి పట్టదు.

అసలు సంగతి అది కాదు. ఫ్యాక్టరీవాళ్లు కాగితం మీద రాసిచ్చిన పని మూడు ముక్కలు: తీయి, పెట్టు, బిగించు. మా చెయ్యి అవన్నీ బుద్ధిగా చేసింది. అయినా ముక్క వంకరగా తిరిగేది, సైజు తప్పేది. పక్కన నిలబడి చూస్తే తెలిసింది. ఆపరేటర్ ప్రతిసారీ ముక్క పెట్టేముందు ఎయిర్ గన్‌తో చక్ దవడల మీద ఓసారి గాలి కొడతాడు. కిందటి ముక్క తాలూకు చిప్ ఒక్కటి ఇరుక్కున్నా కొత్త ముక్క సరిగ్గా కూర్చోదు మరి. పెట్టాక సుతారంగా కాస్త తిప్పి, ఆనిందనిపించాకే బిగిస్తాడు. ఇదెందుకు చెప్పలేదన్నా అంటే ‘నేనట్ల చేస్తనా?’ అన్నాడు. ఆయన చేతికి తెలుసు, ఆయనకు తెలీదు. ఇక ప్లానింగ్ ఆఫీసుకెక్కడ తెలుస్తుంది? మా చేతికి గాలి గొట్టం ఒకటి, దానికో వాల్వు తగిలించాక గానీ పని కుదరలేదు.

ఇది ఒక్క బాలానగర్ గొప్పేమీ కాదు. రోబో ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టిందే మసిలోకి, వేడిలోకి. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో యూనిమేట్ అనే రోబోకు అప్పజెప్పిన పని డై కాస్టింగు మెషీన్ నుంచి కాలే ముక్కల్ని బయటికి తీయడం. విక్టర్ షైన్‌మన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ 1969లో ఒక చెయ్యి డిజైన్ చేశాడు. ఆ దారిలోనే నడిచి, జనరల్ మోటార్స్ అండతో యూనిమేషన్ కంపెనీ 1978లో పూమా రోబోను దించింది. విద్యార్థి బల్ల మీది చెయ్యి ఫ్యాక్టరీకి చేరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మనవాళ్లకు ఆర్నెల్లలో డెమో వీడియో కావాలి, వెనక సంగీతంతో సహా.

ఆ ఆర్నెల్లయినా సవ్యంగా సాగుతాయా అంటే అదీ లేదు. మూడో నెలలో కంపెనీ మెంటర్ ఉద్యోగం మారతాడు. కొత్తాయనకు ఈ ప్రాజెక్టు ఉందనే తెలీదు. రోబో అడిగితే ‘ప్రొడక్షన్‌లో ఉంది, ఇవ్వలేం’. డేటా అడిగితే ఎన్‌డీఏ, అంటే గోప్యత ఒప్పందం అడ్డు. చివరికి వైవాలో సగం స్లైడ్లకు నల్లరంగు పూస్తారు. దాచిన దానికి మార్కులెలా వెయ్యనయ్యా? ఫ్రాన్స్‌లో 1981 నుంచి సిఫ్ర్ అని ఒక పద్ధతుంది. డాక్టరేట్ కుర్రాణ్ని కంపెనీయే మూడేళ్లు ఉద్యోగంలో పెట్టుకుంటుంది, ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది. జీతమిచ్చేవాడు పని అడుగుతాడు, పనిముట్టూ ఇస్తాడు. మన ఎంఓయూల్లో శాలువా ఉంటుంది, ఫొటో ఉంటుంది, పనిముట్టు మాత్రం ఉండదు.

ఈ కాలంలో నాకు నచ్చినవి లేకపోలేదు. అమెజాన్ 2015లో తన గోదాము తలనొప్పిని దాచకుండా తెచ్చి సియాటిల్‌లో అందరి ముందూ పోటీగా పెట్టింది: అరలోంచి అడిగిన వస్తువు తీయండి చూద్దాం అని. గెలిచిన బెర్లిన్ జట్టు ఏం చేసిందో తెలుసా? రోబో చేతికి ఇల్లూడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించింది! అది చదివి నేను కుర్చీలోంచి లేచాను. వాళ్లెవరో గానీ మా బాపతే. తర్వాతి పోటీల్లో ఐఐటీ కాన్పూర్, టీసీఎస్ కలిసి దిగాయి. అలాంటి ప్రాజెక్టు ఏ కాలంలోదైనా నేను కళ్లకద్దుకుంటా. మా కాలమంతా బంగారమని నేననను. రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు వేసిన మా రిపోర్టుల్ని ఫ్యాక్టరీవాళ్లు బీరువాలో పెట్టి తాళం వేశారు, మా చెయ్యి స్క్రాపు కింద పోయింది.

రిటైరయ్యాక ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఎక్కడికి పిలిచినా నాది ఒకటే ప్రశ్న: ‘నీ రోబో చేయబోయే పని ఇప్పుడు చేస్తున్న మనిషి పేరేంటి?’ కుర్రాడు గైడు వైపు చూస్తాడు, గైడు సీలింగు ఫ్యాను వైపు చూస్తాడు. ఒక కాలేజీలో హెడ్డుగారు పక్కకు తీసుకెళ్లి ‘సర్, సిలబస్‌లో లేనివి అడక్కండి’ అన్నారు. ఈ ఏడాది అక్కణ్నుంచి పిలుపు రాలేదు. వస్తే మాత్రం, పేరుతో పాటు ఏ షిఫ్టో కూడా అడుగుతా.