స్వాములది పరిస్థితి, ఖైదీలది స్వభావం

జైల్లో ఇద్దరు కొట్టుకుంటే చాలు, టీవీలో తీర్పు సిద్ధం: ‘వాళ్ల పుట్టుకే అంత’. కోపాన్ని సంచిలో సర్దుకుని గేటు దాటొచ్చారట. జైలు పాపం, ఏమీ ఎరగదట! 1962లో ఇర్విన్, క్రెసీ అనే అమెరికా పండితులు ఖైదీ బయటి బతుకు కూడా వెంట లోపలికొస్తుందన్నారు. మనవాళ్లు అందులో బతుకును వదిలేసి పుట్టుకను పట్టుకున్నారు.

అదే బయటివాళ్ల సంగతి చూడండి. మా మైలార్‌దేవ్‌పల్లికి శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం కాదు. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వరసపెట్టి రద్దయినప్పుడు అక్కడ పెద్దమనుషులు కౌంటర్ల ముందు అరిచారు. మాలలో ఉన్న అయ్యప్ప స్వాములు కూడా ఆందోళనకు దిగారు. ఏసీ హాలు, చేతిలో ఫోను, ఎప్పుడంటే అప్పుడు ఇంటికెళ్లే స్వేచ్ఛ ఉండీ, గంటల్లోనే ఆ గతి. ఎవరూ వాళ్ల గోత్రాలు అడగలేదు. తప్పు విమాన సంస్థదన్నారు. సబబే.

ఇక 2024 దాకా పశ్చిమ బెంగాల్‌లో ఉన్న జైలు నిబంధన చూడండి. రాత్రి కాపలాకు పెట్టే ఖైదీ ‘పారిపోయే సహజ గుణం’ గల వర్గంవాడు, అంటే సంచార తెగవాడు, కాకూడదట. అయ్యా, జైలు నుంచి పారిపోవాలనిపించడం ఏ కులానికి అసహజం? మిగతా కులాలవాళ్లు ‘ఇంకో రెండేళ్లు ఉంచండి సార్’ అని బతిమాలుతున్నారా?

ఒక్కసారి గేటు తెరిచి చూడండి, ముందు ఎవరు పరిగెడతారో. బ్యాంకులు ముంచినవాడైతే పరిగెత్తడు కూడా; బిజినెస్ క్లాసులో కూర్చుని వెళ్తాడు. ఆయన గుణం గురించి ఏ జైలు మాన్యువల్‌లోనూ ముక్క లేదు.

మనం తక్కువ తిన్నామా? నేర తెగల చట్టం 1871లో పుట్టి 1952లో పోయింది. స్టువార్టుపురం ఎరుకలవాళ్ల మీద వేసిన ముద్ర మాత్రం పోలేదు. 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనల్లో ‘నేర తెగ’ అన్న మాట దర్జాగా ఉండేది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న ఇలాంటివాటిని కొట్టేసేదాకా మన పాలకులకు ఎబ్బెట్టుగా తోచలేదు.

వెటకారం చాలు. ఈ దేశపు జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. నేరం రుజువు కాలేదు, స్వభావం మాత్రం రుజువైపోయింది! బెయిలొచ్చినా పూచీకత్తుకు డబ్బుల్లేక మగ్గేవాడు బకెట్ నీళ్ల కోసం, నడుం వాల్చే చోటు కోసం కలబడితే రక్తంలో కారణం వెతుకుతారా? సిగ్గుండాలి. స్వభావమని తేల్చేస్తే బ్యారక్ కట్టక్కర్లేదు, వార్డర్ల ఖాళీలు నింపక్కర్లేదు, వాయిదాలు తగ్గించక్కర్లేదు.

2018 జనవరిలో మన తెలంగాణ పోలీసులు ‘సకల నేరస్తుల సమగ్ర సర్వే’ అంటూ ఇంటింటికీ తిరిగారు. అదే ఉత్సాహంతో ఒక్కరోజు జైళ్లలోనూ తిరిగి, ఏ బ్యారక్‌లో ఎందరున్నారో, ఒక్కో కుళాయికి ఎందరో రాసుకు రమ్మనండి.