నెలకు నెల ఎదురుగా పెట్టకండి

తెల్లవాళ్ల కాలం నాటి వాతావరణ రికార్డులు పోల్చబోయే కుర్రాళ్లకు అందరూ చెప్పేది ఒకటే. రెండు ఊళ్ల లెక్కలూ ఎక్సెల్‌లో ఎక్కించు, జనవరికి ఎదురుగా జనవరి పెట్టు, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసెయ్, ఖాళీలుంటే సగటుతో నింపు, పొంతన లేని అంకె కొట్టెయ్. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. నా మాట వింటే పని ఆలస్యమవుతుంది, గైడు విసుక్కుంటారు. అయినా ఇలాగే చెయ్యండి.

మనకు దగ్గరైన జంట మద్రాసు, విశాఖపట్నం. మద్రాసు అబ్జర్వేటరీ కంపెనీవారిది, 1792లో నుంగంబాకంలో వెలిసింది. విశాఖది సొంత డబ్బుతో పెట్టింది. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్లి, అక్కడి ఖగోళ శాస్త్రవేత్త టేలర్ దగ్గర నేర్చుకుని వచ్చి, 1840లో తన ఊళ్లో నెలకొల్పారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపారు. సర్కారుది అసలు లెక్క, జమీందారుది సరదా అనుకునేవారే ఎక్కువ. మీరు విశాఖతోనే మొదలుపెట్టండి. దాన్ని కొలబద్దగా పెట్టుకుని మద్రాసును అనుమానించండి. ఉద్యోగులు మారే చోట చదివే కన్నూ మారుతుంది. ఒకే కుటుంబం పట్టుకుని కూర్చున్న చోట అలవాటు నిలబడుతుందని నా నమ్మకం.

అంకెల జోలికి వెంటనే వెళ్లకండి. ముందుమాటలు, అడుగున రాసిన గమనికలు చదవండి. పరికరం ఎక్కడ వేలాడదీశారు, ఏ వేళకు చూశారు? బారోమీటరునే తీసుకోండి. మన తీరంలో పాదరసం రోజూ ఉదయం పది ప్రాంతంలో ఎక్కుతుంది, సాయంత్రం నాలుగు ప్రాంతంలో దిగుతుంది. తుపాను లేకపోయినా, మబ్బు లేకపోయినా అంతే. ఆ ఎక్కుదిగుళ్ల తేడా సుమారు అంగుళంలో పదోవంతు. చలికాలం నుంచి నడివేసవి దాకా మొత్తం పడిపోయేదే దాదాపు మూడు పదోవంతులు! ఒక చోట పదింటికి, ఇంకో చోట నాలుగింటికి చూస్తే, ఋతువు తెచ్చే మార్పులో మూడోవంతు గడియారం వల్లే పుడుతుంది. దీనికితోడు 1906కు ముందు దేశమంతటికీ ఒకే టైం లేదు. సూర్యుణ్ణి బట్టి విశాఖ మద్రాసు కంటే 12 నిమిషాలు ముందు. థర్మామీటరు సంగతీ ఇంతే: గోడకు తగిలించారా, గడ్డి కప్పిన పాకలో ఉంచారా తెలియకుండా వేడి గురించి మాట్లాడకండి.

ఇక వాన. నవంబరుకు ఎదురుగా నవంబరు అస్సలు పెట్టకండి. మద్రాసుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందులో నవంబరు పెద్ద నెల. విశాఖకు జూన్‌లో మొదలై అక్టోబరులో గట్టిగా కురిసి, ఆపైన తగ్గుతాయి. ఒకరి వానాకాలాన్ని ఇంకొకరి పొడి రోజులతో తూచి తేడా ఇంత అని రాస్తే అది పోలికా? విశాఖ అక్టోబరుకు మద్రాసు నవంబరు జోడీ. విశాఖ జూన్‌కు మద్రాసు అక్టోబరు జోడీ. వానలు ముందొచ్చాయా, వెనకబడ్డాయా అన్నది అక్కడే తేలుతుంది.

నెల మొత్తం చూసే ముందు మొదటి వరుస, చివరి వరుస చూడండి. అక్టోబరు 31 రాత్రి వాయుగుండం పట్టి నాలుగు అంగుళాలు కురిసిందనుకోండి. గేజి కొలిచేది మర్నాడు పొద్దున. కొలిచిన తేదీ వేసే చోట అది నవంబరు వాన, కురిసిన తేదీ వేసే చోట అక్టోబరు వాన. ఒక్క రాత్రితో రెండు నెలలూ తారుమారు.

మిల్లీమీటర్లలోకి మార్చకండి. 0.05 అంగుళం అచ్చులో 0.50గా పడితే, చుక్క జరిగిందేమోనని కంటికి తడుతుంది. అదే 12.7 మిల్లీమీటర్లని మార్చాక ఎవరికీ తట్టదు. మూడు ఎనిమిదిలా, ఒకటి ఏడులా కనబడితే దిద్దకండి, రెండూ పక్కపక్కన రాసుకోండి. రోజువారీ లెక్క కూడితే అచ్చయిన మొత్తంతో కలవకపోయినా అంతే, రెండూ ఉంచండి. ఖాళీ గడి నింపకండి. సున్నా వేశారంటే వాన లేదని. ఏమీ వెయ్యలేదంటే ఆ రోజు ఏం జరిగిందో వెతకాలని.

మామూలు సంవత్సరంతో మొదలుపెట్టమంటారు. వద్దు. 1876 తీసుకోండి. ధాత కరువు మొదలైన ఏడాది అది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మందిని పొట్టనబెట్టుకుంది. ఈశాన్య వానలు మొహం చాటేసిన ఆ మూడు నెలల అంకెలనూ చేత్తో కాగితం మీద ఎత్తి రాయండి, ఒక్కొక్కటీ. వాటిని పొంతన లేనివని సాఫ్ట్‌వేర్ పక్కన పెడుతుంది. పెట్టనివ్వకండి.