డబ్ భక్తుడు

పగలంతా బీమా కంపెనీలో ఇతరుల ప్రమాదాలకు లెక్కలు కట్టి, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక తన గదిని 1970ల నాటి కింగ్‌స్టన్‌గా మార్చుకొనే ఒక తరహా మనిషి లండన్, బ్రిస్టల్, బెర్లిన్ వంటి నగరాల్లో కనిపిస్తాడు. జమైకాలో పుట్టకపోయినా, ఆ దీవి మొహమైనా చూడకపోయినా, దాని సంగీతానికి తానే అసలు వారసుడనని నమ్మే ఇతణ్ణి డబ్ భక్తుడు అనవచ్చు.

ఇతని ఇలవేల్పులు ఇద్దరు. మొదటిది రూట్స్ రెగే, అనగా రాస్తాఫరీ విశ్వాసాన్నీ, నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ బోధలనూ, పేటల్లోని పేదల గోడునూ పాడుతూ, నాలుగు దెబ్బల తాళంలో మొదటిదాన్ని ఖాళీగా వదిలి డ్రమ్ము బరువంతా మూడోదాని మీద మోపే సంగీతం. రెండోది డబ్, అనగా అదే పాట టేపులోంచి గాయకుడి గొంతును చాలావరకు తీసేసి, బేస్ గిటారునూ డ్రమ్ములనూ ముందుకు తెచ్చి, మిగిలిన వాద్యాలను ఒక్క క్షణం రానిచ్చి ప్రతిధ్వనిలో ముంచేసే కూర్పు. రికార్డు రెండో వైపున ‘వెర్షన్’ పేరుతో వచ్చే ఈ ప్రక్రియకు పెద్దదిక్కు కింగ్ టబ్బీగా పేరుపడిన ఓస్బోర్న్ రడ్డాక్. వాటర్‌హౌస్ పేటలో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే ఈ మెకానిక్, వేరే స్టూడియో వదిలించుకున్న మిక్సింగ్ బల్లను కొని, దాని మీది 4 ట్రాకులతోనే పని కానిచ్చాడు.

భక్తుడి కంప్యూటరులో ట్రాకులకు లెక్కలేదు కాబట్టి, అతడు నాలుగింటికి మించి ముట్టనని వ్రతం పడతాడు. ఆ వ్రతం సాధారణంగా మొదటి వారాంతం దాటదు. తరువాత 1974లో రోలాండ్ కంపెనీ తెచ్చిన స్పేస్ ఎకో మీదికి, అనగా లోపల తిరిగే టేపు చుట్ట మీద శబ్దాన్ని ముద్రించి వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ పలికించే యంత్రం మీదికి మనసు పోతుంది. భార్యకు చెప్పిన ధర ఒకటి, ఇచ్చిన ధర మరొకటిగా అది ఇంటికి చేరుతుంది, చేరిన నెలకే మొరాయిస్తుంది. టబ్బీ ఆరాధకుడికి సోల్డరింగ్ ఐరన్ ఏ కొసన పట్టుకోవాలో తెలియదు గనుక అది బాగుచేసేవాడి దగ్గరికి ప్రయాణమవుతుంది.

అన్నిటికంటె వింతైనది హోరు. జమైకా రికార్డు నిర్మాత లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఉన్న 4 ట్రాకులూ నిండగానే వాటిని కుదించి, ఖాళీ అయిన చోట మళ్ళీ రికార్డు చేసేవాడు. అలా కుదించినప్పుడల్లా టేపు హోరు పెరిగేది. లేమి వల్ల వచ్చిన ఆ హోరును భక్తుడు డబ్బిచ్చి సాఫ్ట్‌వేరుగా కొని, శుభ్రమైన తన రికార్డింగు మీద చల్లుతాడు; పైన సూది గరగర కూడా కలిపి, ‘ఇది 1976 నాటిదా?’ అని ఎవరైనా అడిగితే ఆ పూట భోజనం మాట మరచిపోతాడు.

బిరుదు లేనిదే డబ్ లేదు. కింగ్, ప్రిన్స్, సైంటిస్ట్, ప్రొఫెసర్ పదవులు ముందే భర్తీ అయిపోయినందున, ఇతడు ఏ డిప్యూటీ కమిషనరో అయి సరిపెట్టుకుంటాడు. పాటల పేర్లలో సింహం, నిప్పు, సీయోను తప్పవు. పీడించే వ్యవస్థకు రాస్తాఫరీలు పెట్టిన పేరైన బాబిలోన్ కూలిపోవాలని ప్రతి పాటలోనూ కోరుకొనే ఇతనికి ఆ బాబిలోనే నెలాఖరున జీతం వేస్తుంది.

ఇతని దృష్టిలో కలియుగం 1985లో మొదలైంది. వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మీ స్లెంగ్ టెంగ్’ ఒక చిన్న కాసియో కీబోర్డులో ముందే అమర్చిన తాళం మీద నిలిచి, వాద్యకారుల అవసరమే లేదని చాటిన సంవత్సరమది. దాన్ని తయారుచేసిన జామీ సాక్షాత్తు టబ్బీ శిష్యుడేనని ఎవరైనా గుర్తుచేస్తే భక్తుడు టీ పెట్టడానికి లేస్తాడు. తన గదిలోని కంప్యూటరు ఆ కాసియోకు దగ్గర చుట్టమన్న సంగతి మర్యాదస్తులు ఎత్తరు.

ఇంత భక్తి చేసినా పాట ఎందుకు కుదరదో అర్ధరాత్రి అతని వేళ్ళను చూస్తే తెలుస్తుంది. ఒక డ్రమ్ము దెబ్బను ఎకోలోకి విసిరి, ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పేరుకొని అరుపుగా మారబోయే క్షణానికి ముందు మీట వెనక్కి తిప్పుతాడు. అంతవరకు చేయి తిరిగినవాడే. ఆ తరువాత గిటారును మూసేయవలసిన చోట వేలు ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గిటారును అతడు మూడు వారాలు కష్టపడి వాయించాడు. జమైకా సంగీతకారుడు ఆగస్టస్ పాబ్లో వాయించాడు కాబట్టి నేర్చుకున్న మెలోడికా, అనగా నోటితో ఊదుతూ మీటలు నొక్కే చిన్న వాద్యం, పాట ఆసాంతం మోగుతూనే ఉంటుంది. టబ్బీ మూసేసినవన్నీ పరాయివాళ్ళు వాయించినవి. తీసివేతే ప్రాణమైన కళలో ఇతడు కూడిక మానలేడు. బేస్ మాత్రం నిజంగా బాగుంటుంది. కావాలంటే కింది అంతస్తువారిని అడగవచ్చు.

ఇతని నివాళి వినే అవకాశం వచ్చిన పాఠకులు ముందుగా 1976లో వచ్చిన ‘కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’ ఆల్బమును ఒకసారి వినడం మంచిది. ఫోను స్పీకరులో మాత్రం వద్దు, ఆ చిన్న స్పీకరు బేస్‌ను పలికించలేదు.